అర్థశాస్త్ర సిద్ధాంతాలు మన గోదావరి డెల్టా సమస్యలకి నిజంగా పనికొస్తాయా?

రాజమండ్రిలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "మాది కోనసీమ. క్లాసులో సమాచార అసమానత, ఎక్స్‌టర్నాలిటీ, గేమ్ థియరీ చెబుతున్నారు. ఊరెళ్తే కౌలు రైతుల అప్పులు, రొయ్యల చెరువులు, గల్ఫ్ వలస, కొబ్బరి తోటల్లోకి ఉప్పునీరు. ప్రపంచమంతా ఇవే సమస్యలంటారు. ఈ సిద్ధాంతాలు వీటికి పనికొస్తాయా, పరీక్ష రాయడానికేనా? ప్రాజెక్టుకి ఏది తీసుకోమంటారు?"

పనికొస్తాయండి. కాకపోతే "ఏం చెయ్యాలి" అన్నదానికి తక్కువ, "ఎందుకు ఇలాగే జరుగుతోంది, మార్చబోతే ఎక్కడ బెడిసికొడుతుంది" అన్నదానికి ఎక్కువ పనికొస్తాయి. ప్రాజెక్టుకి కౌలు తీసుకోండి. కారణం కింద చెబుతాను.

నేను కూడా ఎం.ఏ. ఎకనామిక్సే చదివాను. తర్వాత ఉద్యోగమంతా డెల్టా బ్రాంచీల్లో పంట రుణాలు, చెరువుల రుణాలు, డ్వాక్రా సంఘాలు చూడటంలోనే గడిచి రిటైరయ్యాను. ఊళ్ళో ఏ సమస్య ఎత్తినా ముందు మనుషుల్ని తిట్టడం వింటాం: భూమి యజమాని ఆశపోతు, ఏజెంటు మోసగాడు, బ్యాంకు మేనేజరు మొండివాడు. అర్థశాస్త్రం నాకు అలవాటు చేసిన ప్రశ్న ఒక్కటే. ఆ స్థానంలో ఇంకొకరుంటే వాళ్ళూ ఇదే చేస్తారా? అవునంటే మనిషిని తిట్టి లాభం లేదు, ఆ స్థానానికున్న లెక్క చూడాలి.

ముందు కౌలు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త కాలం నుంచీ ఒక వాదన ఉంది. పాలుకి, అంటే పంటలో వాటాకి చేసేవాడు పండినదాంట్లో సగం ఇచ్చెయ్యాలి కాబట్టి ఒళ్ళు వంచి చెయ్యడు. కౌలు ఇన్ని బస్తాలని ముందే తేల్చేస్తే, ఆపైన పండిందంతా తనదే కాబట్టి బాగా చేస్తాడు. 1974లో జోసెఫ్ స్టిగ్లిట్జ్ దీనికి రెండో వైపు చూపించాడు. పాలు పద్ధతిలో పంట పోతే నష్టం ఇద్దరిదీ, ఖాయం కౌల్లో నష్టమంతా కౌలుదారుదే.

మన దగ్గర లెక్క వేసి చూడండి. ఎకరానికి 30 బస్తాలు పండిందనీ, కౌలు 14 బస్తాలనీ అనుకుందాం. కౌలుదారుకి 16 మిగులుతాయి. సగం పాలైతే 15 వచ్చేవి, పెద్ద తేడా లేదు. అదే తుపాను వచ్చి పంట పడిపోయి 18 బస్తాలే వచ్చాయనుకోండి. ఖాయం కౌల్లో అతనికి మిగిలేది 4, పాలుకైతే 9. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి 1,777. నాలుగు బస్తాలంటే ఏడు వేల చిల్లర. పెట్టుబడి ముప్పై వేలు దాటే రోజుల్లో ఆ డబ్బు ఏ మూలకి? పైగా తడిసిన ధాన్యంలో తేమ 17 శాతం దాటితే ఆ మద్దతు ధర కూడా చేతికి రాదు.

మరి ఏటా తుపాన్లొచ్చే చోట నష్టమంతా లేనివాడి నెత్తిన పడే పద్ధతే ఎందుకు నిలబడింది? చాలా పొలాల యజమానులు ఊళ్ళో లేరు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నారు. పాలు పెట్టుకుంటే కోతప్పుడు, నూర్పిడప్పుడు గట్టు మీద ఎవరో ఒకరు నిలబడి బస్తాలు లెక్కపెట్టుకోవాలి. పర్యవేక్షణ ఖర్చు అని మీ పుస్తకంలో ఉన్నది ఇదే. అంత దూరం నుంచి ఆ పని కాదు కాబట్టి యజమాని ఇన్ని బస్తాలని తేల్చేసుకుని ఫోన్‌లో డబ్బు వేయించుకుంటాడు. అందులో అతని దుర్మార్గం ఏమీ లేదు. కానీ వలస వెళ్ళిన కుటుంబం రిస్కు కూడా ఊళ్ళోనే వదిలేసి వెళ్ళినట్టయింది. పట్నానికో విదేశానికో వలస పెరిగిన కొద్దీ కౌలు షరతులు ఎందుకు బిగుసుకుంటాయో ఎవరైనా పరిశోధిస్తే మంచి అంశం.

ఇప్పుడు చట్టం సంగతి. 2011లో కౌలుదారులకి రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దానికి యజమాని సంతకం అక్కర్లేదు. కానీ అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, అదే పొలానికి రెండో రుణం ఇవ్వడానికి మా బ్యాంకులు జంకేవి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, యజమాని సంతకంతో 11 నెలల కార్డు ఇచ్చే పద్ధతి పెట్టారు. భూమి మీద హక్కేమీ రాదని అందులో స్పష్టంగా రాశారు కూడా.

సంతకం పెట్టే మనిషి వైపు నుంచి చూడండి. పెడితే అతనికి వచ్చేది సున్నా. పోయేవి రెండు. 3 లక్షల వరకు పంట రుణం సకాలంలో కడితే 4 శాతం వడ్డీకే పడుతుంది. ఆ చౌక రుణం తన పేరున రాదు. రెండోది, రాసిస్తే భూమి కౌలుదారుదైపోతుందేమోనన్న భయం. 1956 కౌలుదారీ చట్టం నాటి తగాదాలు పెద్దవాళ్ళ నోట విన్న కుటుంబాల్లో "కాగితం మీద పెట్టకు" అన్నమాట ఇప్పటికీ ఉంది. లాభం లేదు, నష్టం ఉంది, అడిగేవాడు వచ్చే ఏడు పొలం ఉంటుందో లేదోనని బెంగపడే మనిషి. మీరైనా, నేనైనా పెట్టం. సంతకం వల్ల నష్టపోయేవాడి చేతిలోనే సంతకం పెట్టారు. అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా ఈ లెక్క మారదు.

ఇక్కడ చాలామంది బెంగాల్ ఉదాహరణ తెస్తారు. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు ఊళ్ళకే వెళ్ళి, సాయంత్రాలు సమావేశాలు పెట్టి, యజమాని ఒప్పుకోలుతో పని లేకుండా పాలుదార్ల పేర్లు నమోదు చేశారు. దాని తర్వాత దిగుబడి పెరిగిందని 2002లో అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ లెక్కలు కట్టి చూపించారు. అయితే అక్కడ పాలు పద్ధతి. చట్టం వల్ల కౌలుదారు వాటా పెరిగింది, అందుకని ఒళ్ళు వంచి చేశాడు. మన దగ్గర ఖాయం కౌలు కాబట్టి అదనంగా పండేదంతా ఇప్పటికే అతనిదే. అంచేత నమోదు వల్ల ఇక్కడ దిగుబడి అంతగా పెరగకపోవచ్చు. పెరగాల్సింది రుణం, బీమా, నష్టపరిహారం అతని పేరున రావడం. సిద్ధాంతాన్ని సరిగ్గా వాడటమంటే ఈ తేడా పట్టుకోవడమే. బెంగాల్లో పని చేసింది కాబట్టి ఇక్కడా చేస్తుందని రాస్తే మార్కులు వస్తాయేమో గానీ అది తప్పు.

భూమి లేనివాళ్ళకి హామీ లేకుండా రుణం ఇచ్చే జాయింట్ లయబిలిటీ గ్రూపుల గురించి ఒక్క మాట. ఒకరు ఎగ్గొడితే మిగతావాళ్ళు కట్టాలి కాబట్టి ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారన్నది ఊహ. బద్ధకానికీ, దుబారాకీ అది పనిచేస్తుంది. కానీ అందరి పొలాలూ ఒకే కాలువ కింద, ఒకే మురుగు డ్రెయిన్ పక్కన ఉంటే, మునిగిన రోజు అందరూ కలిసే మునుగుతారు. ఎవరు ఎవరి బాకీ కడతారు? నేను చూసిన మొండి బాకీల్లో ఎక్కువ భాగం ఎగవేతలు కావు, ఇలాంటివే. సూక్ష్మరుణాల మీద మన హైదరాబాద్ బస్తీల్లోనే బెనర్జీ, డఫ్లో బృందం అధ్యయనం చేసింది. చీటీ తీసినట్టు 104 బస్తీల్లో సగానికి ముందుగా రుణాలు ఇప్పించి పోల్చారు. కొన్ని చిన్న వ్యాపారాలు పెరిగాయి, కానీ సగటున ఇంటి ఖర్చులో గానీ పిల్లల చదువులో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. "అప్పు ఇస్తే పేదరికం పోతుంది" అన్న నినాదాన్ని నెమ్మదిగా చల్లార్చిన పని అది. ఆ బృందంలో ఇద్దరికి 2019లో నోబెల్ వచ్చింది.

రొయ్యల చెరువులు. ఎక్స్‌టర్నాలిటీ అంటే ఒకరి పని వల్ల, దాంతో సంబంధం లేని పక్కవాళ్ళ మీద పడే నష్టమో లాభమో. పాఠ్యపుస్తకంలో దానికి ఫ్యాక్టరీ పొగ బొమ్మ వేస్తారు. మన దగ్గర వరి చేల మధ్య మొదటి ఉప్పునీటి చెరువు చాలు. ఊట పక్క చేలోకి దిగుతుంది. మొదటి ఏడాది గట్టు వార వరి ఎర్రబడుతుంది, రెండో ఏడాది ఇంకాస్త లోపలికి. ఇంకొన్నాళ్ళకి ఆ రైతు కూడా "ఎలాగూ వరి రావట్లేదు" అని చెరువుకే లీజుకి ఇస్తాడు. కాగితం మీద అది అతని ఇష్టం. చెరువు లీజు వరి కౌలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి "మార్కెట్ కోరుకున్నదే జరిగింది" అంటారు. మొదటి ఇద్దరు ముగ్గురి నిర్ణయం మిగతావాళ్ళకి వేరే దారి లేకుండా చేసిందన్నది ఆ కాగితంలో కనిపించదు. థామస్ షెల్లింగ్ చెప్పిన టిప్పింగ్ ఇదే. ఒక హద్దు దాటాక ఊరంతా దానంతటదే దొర్లిపోతుంది.

1960లో రోనాల్డ్ కోస్ ఏమన్నాడంటే, హక్కులు స్పష్టంగా ఉండి బేరానికి ఖర్చు లేకపోతే ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు, ప్రభుత్వం పన్ను వెయ్యక్కర్లేదు అని. చెరువు వేసినవాడు పక్క రైతుకి పరిహారం ఇచ్చి సర్దుకున్న సందర్భాలు నేనూ చూశాను. కానీ ఆ బేరంలో కూర్చునేది ఇద్దరు భూస్వాములే. ఊడ్పులకీ, కలుపుకీ వెళ్ళే ఆడవాళ్ళు అక్కడ లేరు. ఎకరం వరి చెరువైతే వాళ్ళకి పోయే కూలి రోజులకి పరిహారం ఎవరూ అడగలేదు. కాలువ నీళ్ళతో మంచినీటి చెరువు నింపుకుని, కాలువ కట్టేసిన వేసవంతా అవే తాగే పేటల వాళ్ళూ అక్కడ లేరు. వాళ్ళలో ఎక్కువమంది ఏ కులాల వాళ్ళో మీకు చెప్పక్కర్లేదు. బేరం సిద్ధాంతం పనిచెయ్యాలంటే ఇద్దరికీ "కాదు" అనే స్థోమత ఉండాలి. అది లేనిచోట కోస్‌ని ప్రయోగిస్తే అన్యాయానికి లెక్కలు కట్టి ముద్ర వేసినట్టే.

ప్రభుత్వం ఏం చేసింది? 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు తీరానికి దగ్గరగా ఉన్న రొయ్యల చెరువుల్ని తొలగించాలనీ, కాలుష్యం చేసినవాళ్ళే పరిహారం కట్టాలనీ తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్‌తో చేసుకోనిచ్చింది. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక చెరువుల జోరు ఇంకెవరూ ఆపలేనంత పెరిగింది. ఇంకో తమాషా చూడండి: ఆర్థికవేత్త పిగూ సిద్ధాంతం ప్రకారం పక్కవాడికి నష్టం చేసే పని మీద పన్ను ఉండాలి. మన దగ్గర అర్హులైన ఆక్వా రైతులకి కరెంటు యూనిట్ 1.50 రూపాయలకే ఇస్తున్నారు. ఎగుమతి డాలర్లు, ఉద్యోగాలు అన్న వాదన ఉంది, కొట్టిపారెయ్యను. కనీసం రాయితీకీ నీటి నాణ్యతకీ ముడిపెట్టొచ్చు కదా.

అలాగని చెరువు వేసినవాడు సుఖంగా ఉన్నాడనుకోకండి. 2025 ఏప్రిల్లో అమెరికా సుంకాల వార్త వచ్చీ రాగానే చెరువు గట్టు మీద కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడింది. ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు కదా, భీమవరం రైతుకి ఎందుకు తగ్గాలి? పన్ను భారం అంటే కాగితం మీద కట్టేవాడి మీద కాదు, ఆగలేనివాడి మీద పడుతుంది. ఎగుమతిదారుకి కోల్డ్ స్టోరేజీ ఉంది. రైతుకి రోజూ మేత ఖర్చు, ఏరియేటర్ కరెంటు, తెల్లారేసరికి వైట్ స్పాట్ రోగం కనపడుతుందేమోనన్న టెన్షన్. అతను పట్టుబడి వాయిదా వెయ్యలేడు. అమెరికాకి ఎక్కువగా వెళ్ళేది పెద్ద సైజు రొయ్య, అయినా చిన్న కౌంట్లకి కూడా రేటు తగ్గించారు. కొనేవాళ్ళు తక్కువగా, అమ్మేవాళ్ళు వేలల్లో ఉన్నచోట ఇది మామూలే. జోన్ రాబిన్సన్ 1933లోనే మోనాప్సనీ అన్న పేరుతో రాసింది ఇదే.

కాలువ, డ్రెయిన్. ఎలినార్ ఆస్ట్రమ్ పేరు చదివే ఉంటారు, 2009లో నోబెల్. ఉమ్మడి వనరులని జనం తామే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని చూపించారు. ఆవిడ నేపాల్ సాగునీటి పథకాల మీద చేసిన పనిలో మనకి పనికొచ్చే వింత ఒకటుంది. రైతులు కొమ్మలు, రాళ్ళతో కట్టుకున్న నాసిరకం ఆనకట్టల కింద శివారు పొలాలకి నీళ్ళు బాగానే అందేవి. ప్రభుత్వం కట్టిన పక్కా ఆనకట్టల కింద అందేవి కావు. నాసి ఆనకట్ట ఏటా వరదకి కొట్టుకుపోతుంది, మళ్ళీ కట్టాలంటే పైవాళ్ళకి శివారువాళ్ళ రెక్కల కష్టం కావాలి. అందుకని నీళ్ళు వదిలేవారు. పక్కా కట్టయితే పైవాళ్ళకి కిందివాళ్ళతో పని లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు, కాటన్ దొర పుణ్యం. దాని మంచిని ఎవరూ కాదనరు. కానీ నేపాల్ పాఠం ఇక్కడ పెట్టి చూస్తే, లాకుల ఎగువన ఉన్నవాడికి శివారు రైతు అవసరం ఎప్పుడూ లేదు. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టినా, దాళ్వాలో (రబీలో) వంతులవారీ మొదలయ్యేసరికి శివారువాళ్ళు రాత్రిళ్ళు బోదెల మీద కాపలా కాయాల్సి వస్తుందంటే కారణం ఇదే.

అయితే డెల్టాలో ఇంకో సగం ఉంది, మురుగు. అది తిరగబడి పనిచేస్తుంది. కింది ఊరి డ్రెయిన్ గుర్రపుడెక్కతో, పూడికతో మూసుకుపోతే మునిగేది పై ఊరి చేలు కూడా. అంటే నీళ్ళ విషయంలో కిందివాడు పైవాడి మీద ఆధారపడితే, మురుగు విషయంలో పైవాడు కిందివాడి మీద ఆధారపడతాడు. కాలువ సంఘం ఒకటీ డ్రెయిన్ల శాఖ ఇంకొకటీ కాకుండా, ఈ రెండింటినీ ఒకే సంఘం కింద పెడితే శివారు ఊళ్ళకి బేరమాడే బలం వస్తుందని నా నమ్మకం. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట వెయ్యమని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు మద్దతు ధర, కూలి ఖర్చులతో పాటు ఈ డ్రెయిన్ల గొడవ కూడా ఉంది. అప్పట్లో మోహన్ కందా కమిటీ వేశారు. పేపర్లు ధర గురించే రాశాయి.

గల్ఫ్ వలస. 1970లో జార్జ్ ఆకర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతో చెప్పింది: సరుకు మంచిదో కాదో అమ్మేవాడికే తెలిసి, కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకు మార్కెట్ నుంచి తప్పుకుంటుంది. వీసా సరిగ్గా అలాంటి సరుకు. కువైట్‌లో ఇంటిపని వీసా మీద వెళ్ళే మన ఆడవాళ్ళకి ఆ ఇల్లు ఎలాంటిదో దిగాక గానీ తెలియదు. అందుకే లైసెన్సు ఉన్న ఏజెంటు కంటే "మా పిన్ని కూతుర్ని పంపించాడు" అన్న సబ్ ఏజెంటునే నమ్ముతారు. అది అజ్ఞానం కాదు, దొరికిన ఒకే ఒక్క ఆధారం అది.

తెలుసుకోవాల్సింది ఏజెంటు లెక్క. చాలాసార్లు అతనికి డబ్బు అక్కడి యజమాని వైపు నుంచి కూడా ముడుతుంది, కొన్ని నెలల గ్యారంటీ మీద. ఈలోగా మనిషి తిరిగొచ్చేస్తే ఆ డబ్బు వాపసు ఇవ్వాలి. అంచేత ఆవిడ ఫోన్ చేసి ఏడ్చినా "సర్దుకోమ్మా" అనే అంటాడు. మన ప్రభుత్వం ఈసీఆర్ (వెళ్ళే ముందు వలస అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్ళలోపు ఆడవాళ్ళని ఈ పనులకి పంపకూడదని నిబంధన పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో అవసరం అలాగే ఉంది కాబట్టి విజిట్ వీసా మీద వెళ్తున్నారు. అప్పుడు రాయబార కార్యాలయం దగ్గర రికార్డే ఉండదు. నిషేధం గిరాకీని చంపలేదు, చీకట్లోకి నెట్టింది.

నా దగ్గరికి బంగారం తాకట్టుకి వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఫీజు మొత్తం ముందే ఇవ్వకండి, సగం మూడో జీతం ఇంటికి వచ్చాక ఇస్తానని అనండి. ఒప్పుకోని ఏజెంటు తన సరుకు సంగతి తనే చెప్పేసినట్టు. కొందరు విన్నారు. అవసరం గొంతు మీద ఉన్నవాళ్ళు వినలేకపోయారు, వాళ్ళని ఏమీ అనలేం.

వాతావరణ మార్పు గురించి పొడిగించను. ఆర్థికవేత్తలు స్టెర్న్, నార్డ్‌హౌస్ మధ్య తగాదా అంతా డిస్కౌంట్ రేటు మీద. అంటే రాబోయే తరాల నష్టానికి ఈరోజు ఎంత విలువ కట్టాలి అన్నదాని మీద. స్టెర్న్ 2006 నివేదికలో ఆ రేటు చాలా తక్కువ, అందుకే ఇప్పుడే గట్టిగా ఖర్చు పెట్టమన్నాడు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు తీరం దగ్గర తోటల్లో కొబ్బరి మొక్క నాటాలా వద్దా అని ఆలోచించే రైతు చేసేదీ ఇదే లెక్క. తరాలపాటు కాయాల్సిన చెట్టు, డ్రెయిన్‌లోంచి ఎదురెక్కే సముద్రపు నీళ్ళు. వాతావరణాన్ని పాడుచేసినవాడు ఒకడు, భరించేవాడు ఇంకొకడు, మధ్యలో బేరమాడే బల్లే లేదు.

ప్రాజెక్టు సంగతి. కౌలు తీసుకోమన్నది ఎందుకంటే రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం దీనికే ఉంది. ఒక ఊరు ఎంచుకోండి. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు ఉంటుంది, అంటే నిజంగా ఎవరు సాగు చేస్తున్నారో. సాగుదారు కార్డులు ఎంతమందికి వచ్చాయో ఇంకో జాబితా. రెండింటికీ తేడా వచ్చిన ప్రతి పొలానికీ యజమాని ఊళ్ళో ఉన్నాడా, బయట ఉన్నాడా, అతని పేరున పంట రుణం ఉందా అని రాసుకోండి. నా అంచనా, రుణం ఉన్నచోట కార్డు తక్కువగా ఉంటుంది. తప్పయితే మరీ మంచిది, అప్పుడు రుణం కంటే భయమే ఎక్కువ కారణమన్నమాట. పేర్లు మాత్రం రిపోర్టులో పెట్టకండి. కౌలుదారుని యజమాని ముందు గానీ, సొసైటీ ప్రెసిడెంట్ అరుగు మీద గానీ ప్రశ్నలు అడగొద్దు. ఊడ్పులయ్యాక, కోతలకి ముందు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. వచ్చే ఏటి కౌలు మాటలు నడిచే రోజుల్లో వెళ్తే నోరు విప్పరు.